అక్కినేని తండ్రీకొడుకులు: కట్టుకున్న పేరు, అందిన పేరు

అక్కినేని నాగేశ్వరరావుకు సినిమాల్లో ముందు తరం లేదు. నాటకాల్లో ఆడవేషాలు కట్టిన ఆయన 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యారు. నాగార్జున 1986లో ‘విక్రమ్’తో కథానాయకుడయ్యేనాటికి ఇంటిపేరే సగం ప్రచారం చేసిపెట్టింది. కానీ కొత్తవాడు తడబడితే సరిపెట్టుకునే ప్రేక్షకుడు, వారసుడు తడబడితే వెంటనే తండ్రితో పోలుస్తాడు.

‘దేవదాసు’ (1953)లో ‘జగమే మాయ’ పాట మళ్లీ చూడండి. సగం వాలిన ఆ రెప్పలే పాత్రను మోస్తాయి. చివరి వరుస వరకూ గొంతు వినిపించాల్సిన వేదిక మీద ఎదిగిన నటుడు, కెమెరా ముందు అంత తగ్గి నటించడం నాకు ఇప్పటికీ అబ్బురమే. నటనలో నా ఓటు తండ్రికే.

తెగువలో మాత్రం కొడుకుకే. 1989లో ఒకవైపు ‘గీతాంజలి’లో చావుకు దగ్గరైన యువకుడు, మరోవైపు ‘శివ’లో సైకిల్ చైను లాగి పట్టుకున్న విద్యార్థి. వీటిలో ‘శివ’ తండ్రి వేసిన బాటలోది కాదు. అచ్చొచ్చిన మూసలోనే ఉండిపోయే వీలున్న వారసుడు రామ్‌గోపాల్ వర్మ అనే కొత్త దర్శకుడిని నమ్మడం చిన్న విషయం కాదు.

కీర్తి విషయంలో ఇద్దరికీ లోటు లేదు. నాగేశ్వరరావు మరణించాక, 2014లోనే విడుదలైన ‘మనం’లో మనవడు నాగచైతన్య కూడా ఉన్నాడు. అందులో నాగార్జునది తండ్రి పాత్ర, నాగేశ్వరరావుది కొడుకు పాత్ర.