న్యూరోసైకాలజిస్టు కావాలంటే: ఇక్కడ చదవడం మేలా, అమెరికాలోనా?

"అక్కా, ఎమ్మెస్సీ సైకాలజీ అయిపోవచ్చింది. ఇక్కడే ఉండి క్లినికల్ సైకాలజీలో చేరనా, అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేయనా?" మా పిన్ని కూతురు ఈ మధ్య అడిగిన ప్రశ్న ఇది. న్యూరోసైకాలజిస్టు కావాలని తన పట్టుదల. పక్షవాతం, తల గాయం, మూర్ఛ, మతిమరుపు వచ్చినవాళ్లలో జ్ఞాపకం, ఏకాగ్రత, మాట ఎంతవరకు నిలిచాయో పరీక్షలు పెట్టి తేల్చే పని. నేను చేస్తున్నదీ అదే. మందులు రాసే న్యూరాలజిస్టు దారి వేరు, అది ఎంబీబీఎస్‌తో మొదలవుతుంది.

శిక్షణ వరకు చూస్తే అమెరికాదే పైచేయి. అక్కడ ఇది ప్రత్యేక విభాగం. 1997లో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో దీనికి ఏమేం నేర్పాలో ఒక పద్ధతి రాసుకున్నారు. డాక్టరేటు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్, తర్వాత అచ్చంగా ఇదే పని మీద రెండేళ్ల ఫెలోషిప్. మన దగ్గర ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఇచ్చేది క్లినికల్ సైకాలజిస్టు రిజిస్ట్రేషన్. న్యూరో సంగతులు చాలావరకు వార్డులో సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. నేనూ అలాగే నేర్చుకున్నాను.

కాలం, డబ్బు లెక్క వేరు. అక్కడ అన్నీ పూర్తయ్యేసరికి ఏడెనిమిదేళ్లు. పీహెచ్‌డీకి చాలాచోట్ల స్టైపెండ్ వస్తుంది, సై.డీ.కి (పరిశోధన కంటే వైద్యం మీద ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేటు) మాత్రం ఎక్కువగా ఫీజు మనమే కట్టుకోవాలి. ఇంకో చిక్కుంది: మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్ సీట్లు చాలా ఉంటాయి కానీ వాటికి అమెరికా పౌరసత్వం అడుగుతారు.

ఇవన్నీ ఒక ఎత్తు, భాష ఒక ఎత్తు.

ఒకసారి అరవై దాటిన ఒకావిడకి పరీక్ష పెట్టాను. బడి మొహం చూడలేదు. గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించమన్నాను. పెన్సిల్‌ని ముగ్గుపిండిలా మూడు వేళ్ల మధ్య పట్టుకుని, ఒక సున్నా చుట్టి ఆగిపోయింది. స్కోరు చూస్తే భయపడాల్సిందే. "పోనీ ముగ్గు వెయ్యమ్మా" అన్నాను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు. ఒక్క చుక్క తప్పకుండా పెట్టి గీతలు కలిపేసింది. ముగ్గుకి మార్కులు వేసే పట్టిక ఏదీ లేదు. కానీ ఆ సున్నా దగ్గర ఆగిపోవడం జబ్బు కాదు, చదువు లేకపోవడమని నాకు అర్థమైంది. వేరే దేశంలో, వేరే భాషలో చదువుకున్నవాళ్ల మీద కట్టిన కొలతలతో ఆమెను కొలిస్తే అన్యాయం చేసినట్టే. అందుకే బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2004లో మనవాళ్లకు తగిన కొలతలతో పరీక్షల సంపుటి తెచ్చారు.

పరిశోధనకైనా ఇక్కడ సరుకు తక్కువేం లేదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) పేషెంట్లను పరిశీలించి, రెండో భాష వచ్చినవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. తెలుగూ ఉర్దూ కలిసి వినిపించే ఊళ్లో పుట్టిన ప్రశ్న అది.

అందుకే తనతో ఇక్కడే చేరమన్నాను. అమెరికాలో స్థిరపడాలనే ఉద్దేశం గట్టిగా ఉంటే మాత్రం నేరుగా అక్కడికే వెళ్లడం మంచిది. ఇక్కడి డిగ్రీతో అక్కడ సైకాలజిస్టుగా లైసెన్సు రావడం కష్టం, చాలావరకు మళ్లీ డాక్టరేటు చేయాల్సి వస్తుంది.

ఇక్కడ చేరేవాళ్లు ఒకటి గమనించాలి. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌కి ఎక్కువమంది వెళ్లే దారి క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. యూజీసీ ఎం.ఫిల్‌ను రద్దు చేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా సడలింపు ఇచ్చింది. కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ ఏటి ఆర్‌సీఐ జాబితాలో కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ చూసుకోవాలి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు అక్కడి సీనియర్లను పక్కకి పిలిచి, న్యూరాలజీ వార్డులో పోస్టింగ్ ఎన్ని నెలలు, ఎంతమందికి మీ చేత్తో పరీక్షలు పెట్టారు అని అడగాలి. "ఒకరిద్దరికి" అంటే ఇంకో కాలేజీ చూసుకోవాలి.