రగ్బీ 08: పోర్చుగల్‌తో కప్పు కొట్టాక

వైజాగ్‌లో జగదాంబ దగ్గర పాత డిస్కుల కుప్పలో క్రికెట్ ఆట కోసం వెతుకుతుంటే రగ్బీ 08 అనే ఈ వీడియో గేమ్ చేతికొచ్చింది. అప్పటికి రగ్బీ అంటే కోడిగుడ్డు ఆకారంలో బంతి ఉంటుందని తప్ప ఇంకేమీ తెలీదు. పదేళ్లు దాటింది. పీఎస్2 (ప్లేస్టేషన్ 2)లో ఇప్పటికీ వారానికి రెండు మ్యాచ్‌లైనా పడుతుంటాయి.

మొదటి నెలంతా చిరాకే. "ఏటన్నయ్యా, బంతి ముందుకి ఇసరకూడదంటే ముందుకెలాగెల్తారు?" అని మా తమ్ముడు అడిగితే జవాబు లేదు. ఎల్1 నొక్కితే ఎడమకి, ఆర్1 నొక్కితే కుడికి పాస్. రెండూ వెనక్కే. ఎదుటివాడు పట్టుకునే వరకూ ఆగి, సరిగ్గా ఆ క్షణాన పక్కవాడికి అందించాలని వేళ్లకి తెలిసిన రోజున ఆట పట్టు దొరికింది. కబడ్డీ ఆడినవాళ్లకి ఈ లెక్క త్వరగా ఎక్కుతుంది: పట్టుకోవడానికి ఇద్దరొచ్చారంటే ఇంకెక్కడో ఖాళీ ఉన్నట్టే. ఆ ఖాళీలోంచి వింగ్ ఆటగాడు (అంచున ఆడేవాడు) మైదానం పక్కగీత వెంటే పరిగెత్తి ట్రై కొడితే (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత అవతల నేలకి ఆనిస్తే) వచ్చే మజా ఇన్నేళ్లైనా తగ్గలేదు. ట్రైకి 5, ఆ తర్వాతి కిక్‌కి 2, పెనాల్టీకి 3. టీవీలో అసలు మ్యాచ్ చూసి అర్థం చేసుకోగలుగుతున్నానంటే ఈ డిస్కు పుణ్యమే.

అసలు లోపం కంప్యూటర్ తెలివిలో ఉంది. 2007లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచకప్ కోసం వచ్చిన ఆట ఇది. ఆ కప్పులో న్యూజిలాండ్ పోర్చుగల్‌ని 108-13తో చితక్కొట్టింది. నేను అదే పోర్చుగల్‌తో కప్పు కొట్టాను! గొప్పకి చెప్పట్లేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నా. రెండు మూడు సార్లు ఒకే వైపు గుద్దుకుంటూ పోతే ఎదుటివాళ్లంతా అటే పోగవుతారు. చటుక్కున రెండోవైపు తిప్పితే అడ్డుకునేవాడుండడు. ఈ కిటుకు తెలిశాక కప్పు మోడ్ చప్పగా అయిపోయింది.

స్క్రమ్ కూడా అంతే. ఎనిమిదిమంది ఎనిమిదిమందిని నెట్టే చోట బరువు తెలియాలి కదా. ఇక్కడ బటన్ల పనే తెలుస్తుంది. వ్యాఖ్యానం ఇంగ్లీషులో అవే మాటలు తిప్పితిప్పి చెబుతుంది, నేను దాన్ని మూసేసి రేడియో పెట్టుకుంటాను. నియమాలు పాతవి: మన సగంలోంచి తన్నిన బంతి నేల తాకి, ఎదుటివాళ్ల 22 మీటర్ల గీత లోపల పక్కకి బయటికెళ్తే మనకే లైనవుట్ (పక్కగీత దగ్గర్నుంచి బంతి లోపలికి విసిరే అవకాశం) ఇచ్చే పద్ధతి 2021లో వచ్చింది, ఇందులో అదెలా ఉంటుంది!

కొనేవాళ్లకి ఒక్క మాట. సముద్రం గాలికి మా ఇంట్లో జాయ్‌స్టిక్‌లు ఏడాదికొకటి పాడవుతున్నాయి. ఈ ఆటలో ఎడమ స్టిక్ ఏమాత్రం జారినా మనవాడు గీత దాటి బయటికి పోతాడు. డిస్కు కంటే ముందు మంచి జాయ్‌స్టిక్ చూసుకోండి.

కంప్యూటర్‌తో ఒంటరిగా ఆడితే ఆర్నెల్లలో విసుగొస్తుంది. ఇద్దరు కూర్చుని ఆడితే ఇన్నేళ్లూ నిలుస్తుంది. మా ఇంట్లో షరతు ఒకటే: రెండోవైపు తిప్పే కిటుకు మ్యాచ్‌లో ఒక్కో సగానికి ఒకసారే వాడాలి. తమ్ముడు లెక్క తప్పాడని మొన్న కూడా గొడవైంది.