పెన్న వెంట ఊరిపేర్లు: తాడిపత్రి నుంచి ఒంటిమిట్ట దాకా

పెన్న ఒడ్డు ఊళ్ళ పేర్లలో రాజులు తక్కువ, నేల ఎక్కువ. బుగ్గ, గండి, మడుగు, మిట్ట: పేరు వింటేనే అక్కడ ఏముందో తెలిసిపోతుంది. కడపను గోల్కొండ సేనాని నేక్‌నామ్‌ఖాన్ పేరు మీద నేక్‌నామాబాద్ అని పిలిపించారు కానీ, అది కాగితాల్లోనే ఉండిపోయింది. తిరుమల కొండకు గడప అన్న మాటనే జనం నిలుపుకున్నారు. ఈ దారి తీరిగ్గా చూడాలంటే మూడు రోజులు పెట్టుకోవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మేలలో మాత్రం వద్దు, రాయి నిప్పుకణికలా కాలుతుంది.

తాడిపత్రి గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గం మీద ఉంది కాబట్టి మొదలుపెట్టడానికి వీలు. తాటితోపుల వల్ల తాటిపల్లి అయి, అదే తాడిపత్రిగా మారిందంటారు. ఊళ్ళోని రెండు గుడులూ విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల కాలానివి, రెండింటికీ పేర్లు నేల నుంచే వచ్చాయి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు: బుగ్గ అంటే ఊట, లింగం అడుగున నీరు ఊరుతూనే ఉంటుంది. ఊళ్ళో చింతల వెంకటరమణుడు: చింతచెట్టులో దొరికిన దేవుడని స్థలపురాణం. ఒక్కదానికే సమయముంటే బుగ్గ గుడికే వెళ్ళండి. అక్కడి గోపురాలు పూర్తి కాలేదు, అదే మన అదృష్టం. పైన ఇటుక, సున్నం అంతస్తులు లేకపోవడంతో చూపంతా పీఠం నుంచే మొదలయ్యే రాతిచెక్కడం మీద నిలుస్తుంది. చింతల గుడిలో రథం ఆకారంలో కట్టిన గరుడ మండపాన్ని వదలకండి. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. బస చేయడానికి ఈ ఊరు అంత బాగుండదు. సిమెంటు, బండల పాలిష్ పరిశ్రమల ఊరు కావడంతో లారీల రొద, దుమ్ము ఎక్కువ. ఒక రాత్రికైతే సరే, గది రోడ్డు వైపు కాకుండా వెనక వైపు అడగండి.

ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లలో బెలుం. ఆ పేరు ‘బిలం’ నుంచే వచ్చింది. పైన చదునైన చేలు, కింద 3,229 మీటర్ల గుహ. అందులో కొంత భాగాన్నే సందర్శకులకు తెరిచారు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే దీని గురించి రాశాడు. జనం చూడటానికి వీలుగా తయారైంది మాత్రం 2002లో. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్ళేవాళ్ళు ఉక్కపోతకు తడిసి ముద్దవుతారు. పల్చటి నూలుబట్టలు, మనిషికొక నీళ్ళసీసా, పట్టున్న చెప్పులు కావాలి. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ దాకా వెళ్ళాలంటే వంగి నడిచే ఇరుకులున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను పైనే కూర్చోబెట్టడం మేలు.

తర్వాత జమ్మలమడుగు. జమ్ము పెరిగే మడుగని ఆ పేరుకు చెప్పే అర్థం. అక్కడికి 15 కిలోమీటర్లలో గండికోట. ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన చోటు గండి, దాని అంచున కట్టింది కోట. లోయ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఫోటో తీసుకుని వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ. ధాన్యాగారం, జామియా మసీదు, మాధవరాయ గుడి చూడకుండా వస్తే సగం చూసినట్టే. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడికే వచ్చాడు. లోయ అంచున కమ్మీలు లేవు. పగిలిన బండలు కదులుతాయి, వాన పడితే జారతాయి. చీకట్లో సూర్యోదయానికి వెళ్తే టార్చి తప్పనిసరి. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర కాబట్టి ఉదయపు వెలుగు దక్కుతుంది. శని, ఆదివారాల్లో బెంగళూరు జనం నిండిపోతారు, వారం మధ్యలో వెళ్ళడం మంచిది. సొంత బండి లేకపోతే జమ్మలమడుగులోనే రానుపోను ఆటో మాట్లాడుకోండి. పోవడానికి ఒక్కదానికే మాట్లాడుకుంటే తిరిగి రావడానికి అక్కడ ఆటో దొరకడం కష్టం.

మిగతా రెండు ఊళ్ళు సిద్ధవటం, ఒంటిమిట్టలకు కడపలో దిగడమే తెలివి: గదులు, భోజనం, బస్సులు మూడూ కుదురుతాయి. సిద్ధవటం పేరు వెనక, సిద్ధులు వటవృక్షాల కింద తపస్సు చేశారని కథ. మట్లి రాజుల కోట పెన్న ఒడ్డునే ఉంది. 1812 దాకా జిల్లా కేంద్రం ఇదే, ఇప్పుడు మాత్రం నిదానమైన పల్లెటూరు. గంటన్నర చాలు. భోజనం కడపలో ముగించుకునే బయల్దేరండి.

ఒంటిమిట్ట పేరు మీద తగాదా పెద్దది. ఒంటడు, మిట్టడు అనే దొంగలు భక్తులై గుడి కట్టించారని ఒక కథ. ఒంటరి మిట్ట మీదున్న గుడి కాబట్టి ఆ పేరని ఇంకో మాట. గుడి ముందు నిలబడి చూస్తే రెండోదే నమ్మబుద్ధేస్తుంది. సీతారామలక్ష్మణులను ఒకే రాతిలో చెక్కినందున దీన్ని ఏకశిలానగరమనీ అంటారు. ఓరుగల్లుకూ అదే పేరుంది. పోతన తన ఊరు ఏకశిలానగరమన్నాడు కనుక ఆయన మావాడంటే మావాడని రెండు ప్రాంతాలవాళ్ళూ వాదించుకుంటూ వచ్చారు. బమ్మెర ఊరు జనగామ జిల్లాలో ఉందన్నది ఓరుగల్లు వాళ్ళ గట్టి ఆధారం. గర్భగుడిలో ఆంజనేయుడు ఉండడు, ఎదురుగా వేరే గుడి ఉంది. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వ రామనవమి ఉత్సవాలు ఇక్కడే జరుగుతున్నాయి. కల్యాణం పున్నమి రాత్రి చేస్తారు. ఆ వారం కడపలో గదులు దొరకవు. ముందే పట్టుకోలేకపోతే రాజంపేటలో ప్రయత్నించండి, అక్కడికి తాళ్ళపాక కూడా దగ్గరే.