ఒకే లాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ మింట్: ఆరేళ్ల కాపురం

నా పని తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టడం. ఈ వృత్తిలో విండోస్ లేకుండా గడవదు. నాకు పని ఇచ్చే ప్రచురణకర్తల్లో సగం మంది ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే ఫైళ్లు పంపుతారు. అవి యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే టైపు కేసు బోర్లా పడ్డట్టు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్ సాయంతో లినక్స్‌లోనే నడిపిద్దామని రెండు ఆదివారాలు పెనుగులాడాను, నాకు చేతకాలేదు. మిగతా పనులన్నిటికీ, అంటే చదవడానికి, రాయడానికి, ఉత్తరాలకు, జమాఖర్చులకు లినక్సే సుఖం. రెండు లాప్‌టాప్‌లు కొనే స్తోమత లేదు కాబట్టి 2020 జనవరిలో ఒకదాంట్లోనే రెంటినీ కాపురం పెట్టాను. అప్పుడు విండోస్ 10, లినక్స్ రకాల్లో ఒకటైన మింట్ 19.3. ఇప్పుడు విండోస్ 11, మింట్ 22. మధ్యలో ఒక డిస్కు మారింది, నా అభిప్రాయాలూ కొన్ని మారాయి.

యంత్రం 2019లో కొన్నది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉన్న 256 జీబీ ఎన్‌వీఎంఈ (కార్డులా ఉండే వేగమైన డిస్కు), సరుకు దాచుకోవడానికి 1 టీబీ హార్డ్‌డిస్క్. ఇన్‌స్టాల్ చేయడమంటే జనం భయపడతారు గాని అది ఒక పూట పని. నన్ను ఆపింది ఒక్కటే. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ లేచింది, వైఫై పట్టుకుంది, ఇన్‌స్టాలర్‌లో మాత్రం ఎన్‌వీఎంఈ జాడ లేదు. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, స్టోరేజీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే పద్ధతిలో ఉండటమే కారణం. దాన్ని లినక్స్‌కు కూడా అర్థమయ్యే ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చాలి. అలాగని ఉన్నపళంగా మార్చేస్తే ఈసారి విండోస్ నీలి తెర వేసుకుని కూర్చుంటుంది. ముందుగా విండోస్ బూట్ సెట్టింగులుండే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్కు పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో ఏహెచ్‌సీఐ ఎంచుకుని, విండోస్‌ను సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనిచ్చి, ఆ టిక్కు తీసేయాలి. వరుస తప్పకపోతే అయిదు నిమిషాలు. తప్పితే ఒక రాత్రి జాగారం.

బయోస్‌ను ముట్టుకునే ముందు విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే పెట్టి ఉంటుంది. బూట్ ఏర్పాట్లలో తేడా కనబడగానే అది 48 అంకెల కీ అడుగుతుంది. నేను ఆ అంకెలను కాగితం మీద రాసి గ్యాస్ పుస్తకంలో పెట్టాను. దించుకున్న ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేయడానికి వాడేది) చెక్‌సమ్, అంటే ఫైలు మారలేదని చెప్పే అంకెల వరుస, సరిచూసుకోవడం కూడా చాదస్తం అనుకోవద్దు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి, లంకెను దొంగ తలుపు పెట్టిన ఐఎస్ఓ వైపు తిప్పారు. అసలు అంకెలతో పోల్చి చూసుకున్నవాళ్లకు ఆ తేడా తెలిసిపోయేది.

అసలు తగవులు తర్వాత మొదలవుతాయి. అవన్నీ ఈ రెండూ ఉమ్మడిగా వాడుకునే వస్తువుల దగ్గరే వస్తాయి.

మొదటి తగవు గడియారం దగ్గర. మింట్‌లో పని చేసుకుని విండోస్‌లోకి వెళ్తే సమయం అయిదున్నర గంటలు వెనక్కి పోయేది. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) అని లినక్స్ అనుకుంటుంది, స్థానిక కాలం అని విండోస్ అనుకుంటుంది. మనకూ యూటీసీకీ ఉన్న తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. లండన్‌లో ఉన్నవాళ్లకు చలికాలంలో ఈ జబ్బు ఉన్నట్టే తెలియదు! తెల్లవారుజామున నాలుగింటికి నేను పంపిన బిల్లు మీద ముందురోజు తేదీ పడితే గాని నాకు విషయం బోధపడలేదు. హార్డ్‌వేర్ గడియారం స్థానిక కాలంలోనే ఉందని టైమ్‌డేట్‌కంట్రోల్ ఆదేశంతో లినక్స్‌కు ఒక్కసారి చెప్పాను. తర్వాత ఆ గొడవ లేదు.

రెండో తగవు నన్ను ఏడిపించింది. హార్డ్‌డిస్క్ మీద విండోస్ పద్ధతిలో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగం ఒకటి రెంటికీ ఉమ్మడిగా పెట్టుకున్నాను. 2021 జూలైలో ఒక కథల సంపుటి మూడో ప్రూఫు, 212 పేజీలు, మర్నాడు ఉదయానికి ఇవ్వాలి. రాత్రి పదకొండింటికి విండోస్ షట్‌డౌన్ చేసి మింట్‌లోకి వచ్చాను. ఫోల్డరు తెరుచుకుంది గాని సేవ్ చేయబోతే ఇది చదవడానికి మాత్రమే అంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే ఆదేశం దొరికింది. అది ఏమి చేస్తుందో చదవకుండానే కొట్టాను. తలుపు తెరుచుకుంది. రెండింటిదాకా కూర్చుని 61 పేజీల దిద్దుబాట్లు ఎక్కించి పడుకున్నాను. పొద్దున విండోస్‌లో చూస్తే ఫైలు మీద నిన్న సాయంత్రం తేదీ ఉంది. రాత్రి నేను చేసిన కొత్త ఫోల్డరు మీద నొక్కితే తెరుచుకోనంటోంది. డిస్కు తనిఖీ నడిపించాక ఆ ఫోల్డరు కూడా మాయమైంది. దిద్దుబాట్లు ముందే కాగితం మీద ఎర్ర సిరాతో చేసి ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. మధ్యాహ్నందాకా మళ్లీ ఎక్కించాను.

తప్పు నాదే. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం విండోస్‌లో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆరిపోవడం కాదు. తన కెర్నెల్ (గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్కు మీద రాసుకుని నిద్రపోతుంది. ఏ డిస్కులో ఏది ఎక్కడుందో తనకున్న లెక్క కూడా ఆ నిద్రలోనే ఉంటుంది. ఈలోగా మనం వెనకనుంచి వెళ్లి సామాను సర్దితే, లేచాక అది పాత లెక్కనే నమ్మి మన రాతల మీద తన రాతలు రాస్తుంది. మింట్ నన్ను రాయనివ్వకపోవడం ఒక హెచ్చరిక, దాన్ని నేను తొక్కుకుంటూ పోయాను. తమాషా ఏమిటంటే, రీస్టార్ట్ నొక్కి మింట్‌లోకి వచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. రీస్టార్ట్‌లో విండోస్ నిజంగానే ఆరిపోయి లేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. మింట్ పెట్టడానికి ముందే తీసేయండి. పెద్ద అప్‌డేట్ల తర్వాత అది మళ్లీ వచ్చిందేమో ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైంది.

మూడోది బూట్ వరుస. దీనికి ఉదాహరణ మా అన్నయ్య కూతురు. కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. ల్యాబులో అడిగారని హాస్టల్లో స్నేహితురాలి సాయంతో ఉబుంటు 22.04 అనే లినక్స్ ఎక్కించుకుంది. రాత్రి పదింటికి ఫోను. "బాబాయ్, విండోస్ పోయింది. నా ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది."

"పోవడం అంటే? తెర మీద ఏముంది?"

"ఏమీ అడగకుండా ఉబుంటులోకి వెళ్లిపోతోంది. ఎంచుకోమనే పట్టికే రావడం లేదు."

అది పోలేదని నాకు తెలుసు, గొంతు వింటే మాత్రం నాకూ కంగారు పుట్టింది. ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ ఎఫ్12 కొడుతూ ఉండమన్నాను. ఆ లాప్‌టాప్‌లో అది బూట్ మెనూ మీట, కొన్నిటిలో ఎఫ్9, కొన్నిటిలో ఎస్కేప్. రెండు ప్రయత్నాలు తప్పాయి, మూడోసారి "విండోస్ బూట్ మేనేజర్ అని ఉంది బాబాయ్" అంది. ఎంటర్ కొట్టింది. ఆ తర్వాత మాటలు లేవు, ఊపిరి ఒకటే వినిపించింది. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో ఎంచుకోమనే పట్టికను చూపే గ్రబ్‌లో 2.06 నుంచి పక్క ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను భద్రత దృష్ట్యా మామూలుగా ఆపి ఉంచుతున్నారు. మర్నాడు గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని నిలిపేసే వరుసను ఫాల్స్ చేయించి, అప్‌డేట్ గ్రబ్ ఆదేశం కొట్టించాను. పట్టికలో విండోస్ కూడా చేరింది. అందుకే కొత్తవాళ్లకు నేను ముందు నేర్పేది బూట్ మెనూ మీట ఏదో కనుక్కోవడం. ఆ ఒక్క మీట తెలిస్తే సగం భయం పోతుంది. నా యంత్రంలోనూ ఫర్మ్‌వేర్ (బయోస్) అప్‌డేట్ అయినప్పుడల్లా వరుస తారుమారయ్యేది, బయోస్‌లో ఉబుంటు అనే పేరును మళ్లీ పైకి జరపాల్సి వచ్చేది. అవును, మింట్ ఉబుంటు మీద కట్టిందే కాబట్టి, మింట్ పెట్టినా అక్కడ కనిపించే పేరు ఉబుంటే.

ఇంత అనుభవమయ్యాక 2022లో హార్డ్‌డిస్క్ తీసేసి 500 జీబీ ఎస్ఎస్‌డీ వేయించి, మింట్ 21ను పూర్తిగా దాని మీదికి మార్చాను. ఈ ఆరేళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అందులో కూడా ఒక మెలిక ఉంది. బూట్‌లోడర్, అంటే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాము, ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. రెండో డిస్కు చూపించినా సరే, అది వెళ్లి మొదటి డిస్కులో విండోస్ వాడే ఈఎఫ్ఐ (బూట్‌లోడర్లు ఉండే) విభాగంలోనే రాసే లోపం ఉబుంటు నుంచి వచ్చిన ఆ ఇన్‌స్టాలర్‌కు చాలాకాలంగా ఉంది. అప్పుడు డిస్కులు వేరైనా గుమ్మం ఒకటే అవుతుంది. డిస్కు విభాగాలు చేసే జీపార్టెడ్‌లో విండోస్ ఈఎఫ్ఐ విభాగం గుర్తులు తాత్కాలికంగా తీసేసి తప్పించుకోవచ్చు. నేను మోటు పద్ధతి ఎంచుకున్నాను. అడుగు మూత విప్పి, ఎన్‌వీఎంఈ కార్డుకున్న ఒక్క స్క్రూ తీసి, కార్డును అగ్గిపెట్టెలో పడుకోబెట్టి, మింట్ ఎక్కించాక మళ్లీ బిగించాను. ఎదురుగా లేని దాని మీద ఏ ఇన్‌స్టాలరూ రాయలేదు కదా. అప్పటి నుంచి ఎవరి గడప వాళ్లది. ఎస్ఎస్‌డీ మొదట లేస్తుంది, విండోస్ కావలసిన రోజు ఎఫ్12. ఉమ్మడి విభాగం కూడా ఎత్తేశాను. అటూ ఇటూ వెళ్లాల్సిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ప్రయాణం చేస్తాయి.

2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ పాత బూట్‌లోడర్లను నమ్మకమైన బూట్‌లోడర్లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ దగ్గర అడ్డుకుంది. రెండు సిస్టమ్‌లు ఉన్న యంత్రాలకు ఆ మార్పు వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పినా, అలాంటి వాటిలోనే చాలామందికి లినక్స్ లేవలేదు. నేను సెక్యూర్ బూట్ అప్పటికే ఆపి ఉంచాను కాబట్టి తప్పించుకున్నాను, ఇందులో నా గొప్పేమీ లేదు. దీన్నిబట్టి, డిస్కులు వేరు చేసినా ఫర్మ్‌వేర్ ఉమ్మడి ఆస్తిగానే మిగులుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

రోజువారీ వాడకం గురించి ఫిర్యాదులు తక్కువే. తెలుగు టైపింగు విషయంలో మింట్ నా అంచనాలను మించింది. టైపింగు పద్ధతులు చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ పొట్లం పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ కీబోర్డు లేఅవుట్లు అన్నీ ఉన్నాయి. నేను ఆపిల్ లేఅవుట్ మనిషిని. లిబ్రెఆఫీస్‌లో ఒత్తులు, సంయుక్తాక్షరాలు చక్కగా కూర్చుంటాయి. పేజీలు కట్టే స్క్రైబస్ 1.5 శ్రేణిలో తెలుగు సరిగా అమరడం మొదలయ్యాక రెండు చిన్న పుస్తకాలు పూర్తిగా లినక్స్‌లోనే కట్టాను. బ్యాటరీ మింట్‌లో అరగంట ముందే అయిపోతుంది. వేలిముద్ర రీడరు ఆరేళ్లుగా అలంకారం. సిస్టమ్ స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ వల్ల రెండుసార్లు పాత స్థితికి వెనక్కి వచ్చాను, రెండుసార్లూ తప్పు అర్ధరాత్రి నేను చేసిన ప్రయోగాలదే.

16 జీబీ ర్యామ్ ఉండి, విండోస్ నెలకోసారి అవసరమయ్యేవాళ్లకు ఈ కాపురం అవసరం లేదు. లినక్స్ లోపలే ఇంకో యంత్రాన్ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ నడుపుకోవడం మేలు. నా 8 జీబీలో అది ఎడ్లబండి. ఒకే డిస్కు ఉన్న పలుచని లాప్‌టాప్‌లో, బ్యాకప్ లేకుండా, రేపు పరీక్ష పెట్టుకుని మొదలుపెట్టేవాళ్లను మాత్రం వద్దనే చెబుతాను. రెండో డిస్కుకు చోటుంటే, పాత ఫైళ్లు ఇంకో చోట భద్రంగా ఉంటే, ఈ వారాంతంలోనే మొదలుపెట్టవచ్చు.

గత నెల విండోస్‌లోకి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగూ అను ఫైళ్ల కోసమే. ఆ ఫైళ్లు పంపే ప్రచురణకర్త వచ్చే పుస్తకం నుంచి యూనికోడ్‌లోనే ఇస్తానన్నారు. 2021లోనూ ఇదే మాట అన్నారు. అందుకని ఆ ఎన్‌వీఎంఈని కదపలేదు.