ఇంగ్లీషు కామాలు దిద్దే యాప్: రొయ్యల ఎగుమతి ఆఫీసులో చాలాకాలం వాడాక

కామాల కోసం డబ్బు కట్టి యాప్ కొనాలా అని అడిగేవాళ్లకి జవాబు ముందే చెప్పేస్తాను. రోజూ ఇంగ్లీషులో మెయిళ్లు రాసే పని ఉంటే కొనొచ్చు. అది పెట్టమన్న ప్రతి కామా పెట్టేసే అలవాటుంటే మాత్రం కొనకండి, ఉచితంగా దొరికేదే వాడుకోండి. కనీసం డబ్బులైనా మిగులుతాయి.

నేను పనిచేసేది నెల్లూరులో, రొయ్యల ఎగుమతి ఆఫీసు డాక్యుమెంటేషన్ సెక్షన్‌లో. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంటల్లో పట్టిన వనామీ రకం రొయ్య ప్లాంటుకొస్తుంది. అక్కడ తల తీసి, తొక్క తీసి, ఫ్రీజ్ చేసి కార్టన్లలో సర్దుతారు. ఆ సరుకు వెంట వెళ్లే కాగితాలన్నీ మా టేబుళ్ల మీద తయారవుతాయి. బయ్యర్లు అమెరికాలో ఉంటారు, స్పెయిన్‌లో ఉంటారు, వియత్నాంలో ఉంటారు. అందరితోనూ ఇంగ్లీషే. మా సెక్షన్‌లో సగం మంది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు రాకపోవడం అనేది ఇప్పుడు సమస్య కాదు, మాటలు అందరికీ వచ్చు. చిక్కంతా ఆ మాటల మధ్య తోక ఉన్న చుక్క దగ్గరే.

అందుకని ఆఫీసువాళ్లు ఈ యాప్‌కి ఏడాది చందా కట్టారు. మార్కెట్లో ఈ రకంవి నాలుగైదు ఉన్నాయి. మేం రెండు మూడు వాడి చూశాం, కామాల విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. అందుకే పేరు పెట్టి రాయడం లేదు.

ముందు దాని మంచి చెప్పుకుందాం. తెలుగు చెవితో ఇంగ్లీషు రాసేవాళ్లు చేసే పొరపాట్లలో కొన్నింటిని ఇది బాగా పట్టుకుంటుంది. 'మీరు జూన్‌లో బుక్ చేసిన కంటైనర్, నిన్న ఓడెక్కింది' అని తెలుగులో రాస్తే కామా ఎందుకు పెట్టావని ఎవరూ అడగరు. చదివేవాడికి ఊపిరి ఆడటానికి పెట్టాం, అంతే. అదే చేత్తో 'ది కంటైనర్ యు బుక్డ్ ఇన్ జూన్, హ్యాజ్ సెయిల్డ్' అని రాస్తాం. ఇంగ్లీషులో కర్తకీ క్రియకీ మధ్య ఒంటి కామా తప్పు. వాక్యం ఎంత పొడుగైనా సరే, ఊపిరి పీల్చుకోవడానికి అక్కడ ఆగకూడదు. యాప్ వెంటనే కింద గీత గీస్తుంది. ఈ ఒక్క దిద్దుబాటు వల్లే మా సెక్షన్ మెయిళ్ల రూపు మారింది.

రెండోది, రెండు పూర్తి వాక్యాలను కామాతో అతికించడం. 'మెయిల్ అందింది, రేపు జవాబిస్తాం' అనేది తెలుగులో చక్కటి వాక్యం. 'వీ రిసీవ్డ్ యువర్ మెయిల్, వీ విల్ రిప్లై టుమారో' అంటే ఇంగ్లీషువాళ్లకి కుదరదు. మధ్యలో ఫుల్‌స్టాప్ అయినా ఉండాలి, సెమీకోలన్ అయినా ఉండాలి, లేదా కామా తర్వాత 'అండ్' అయినా రావాలి. తెలుగులో వచ్చి, చూసి, తూకం వేసి, ఐస్ కొట్టి అంటూ అసమాపక క్రియలతో వాక్యాన్ని పొలిమేర దాకా లాక్కెళ్లొచ్చు. తాటాకుల మీద కామా లేకుండానే ఇంత పొడుగు వాక్యాలూ నడిచాయి. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదు, అందుకే ఈ విషయంలో అంత పట్టింపు. యాప్ దీన్ని కూడా దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది.

వాక్యం మొదట్లో వచ్చే చిన్న ముక్క తర్వాత కామా కూడా అంతే. 'ఆఫ్టర్ ఫ్రీజింగ్ ది ష్రింప్ ఆర్ గ్లేజ్డ్' (ఫ్రీజ్ చేశాక రొయ్యలకి ఐస్ పూత వేస్తారు) అని రాస్తే చదివేవాడు 'రొయ్యల్ని ఫ్రీజ్ చేశాక' అనుకుంటూ ముందుకెళ్లి, చివర్లో తడబడి వెనక్కొస్తాడు. 'ఫ్రీజింగ్' తర్వాత ఒక కామా పడితే ఆ తడబాటు ఉండదు.

ఇంతవరకూ మార్కులు నిండా వేస్తాను. ఇక చూడండి.

ఒక బయ్యర్ దగ్గర్నుంచి కొన్ని కార్టన్లు దెబ్బతిన్నాయని క్లెయిమ్ వచ్చింది. మా జూనియర్ అమ్మాయి జవాబు టైప్ చేసింది: 'ది కార్టన్స్ విచ్ వర్ డామేజ్డ్ విల్ బి రీప్లేస్డ్.' యాప్ 'విచ్' కింద గీత గీసి, ముందొక కామా పెట్టమంది. ఆ కామా పెట్టి, దానికి జతగా 'డామేజ్డ్' తర్వాత రెండోది కూడా పెట్టామనుకోండి, వాక్యం చూడటానికి ఇంకా నీటుగా ఉంటుంది. అర్థం మాత్రం తారుమారవుతుంది. కామాలు లేకపోతే, దెబ్బతిన్న కార్టన్లు మాత్రమే మారుస్తాం అని. రెండు కామాలు పడితే, కార్టన్లన్నీ దెబ్బతిన్నాయి, అన్నీ మారుస్తాం అని. కంటైనర్ మొత్తం మనమే రాసిచ్చినట్టు. 'ఆగమ్మా, అది నొక్కొద్దు' అని పక్క సీటు నుంచి అరవాల్సి వచ్చింది.

ఆ అమ్మాయిని అనడానికేం లేదు. 'దెబ్బతిన్న కార్టన్లు మారుస్తాం' అని తెలుగులో అన్నప్పుడు కొన్నా, అన్నీనా అనేది సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. రెండర్థాలకీ వాక్యం ఒకటే, కామా పెట్టే చోటే లేదు. అందుకని ఇక్కడ ఏదో తేడా ఉందని మన చెవి మనల్ని హెచ్చరించదు. యాప్‌కేమో ఆ కంటైనర్లో ఎన్ని కార్టన్లు తడిశాయో తెలీదు. అది 'విచ్' చూసింది, ముందు కామా లేదని చూసింది, అంతే. గ్రేడింగ్ మెషిన్ రొయ్య సైజు చూస్తుంది గానీ వాసన చూడదు కదా, ఇదీ అంతే. నిజానికి అదే పెట్టెలో కింద రెండో సలహాగా 'దట్' వాడమని కూడా చూపించింది. అది సరైన సలహా. కానీ టెన్షన్‌లో ఉన్నవాళ్లు పైనున్నదే నొక్కుతారు. ఇప్పుడు మా దగ్గర క్లెయిమ్ మెయిళ్లలో ఇలాంటి చోట్ల 'విచ్' పూర్తిగా బంద్. 'దట్' రాస్తాం, ఇంకా అనుమానముంటే 'ఓన్లీ' కలుపుతాం, కార్టన్ల సంఖ్య పక్కనే వేస్తాం.

స్పెసిఫికేషన్ల దగ్గర కూడా ఇదే తంతు. 'హెడ్‌లెస్ అండ్ పీడీ ఇన్ టూ కేజీ బ్లాక్స్' అని ఉంటుంది. హెడ్‌లెస్ అంటే తల తీసినవి, పీడీ అంటే తొక్కా నరమూ తీసినవి. మరి రెండు కేజీల బ్లాకులు ఒక్క పీడీకేనా, హెడ్‌లెస్‌కి కూడానా? 'ఇన్' ముందు కామా ఉంటే రెండింటికీ అని, లేకపోతే చివరిదానికే అని ఇంగ్లీషు లాయర్లు ఒక సూత్రం చెప్తారు. యాప్ ఈ వాక్యాన్ని రెండు రూపాల్లోనూ పాస్ చేసింది, ఎక్కడా గీత గీయలేదు. వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే మరి. ప్లాంటులో బ్లాకులు కట్టేవాళ్లకి మాత్రం రెండూ ఒకటి కాదు.

జాబితాలో చివరి 'అండ్' ముందు వచ్చే కామా సంగతి. దాన్నే ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పద్ధతిలో అది ఉంటుంది, అమెరికా పత్రికలు వాడే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) పద్ధతిలో మామూలు జాబితాలకి ఉండదు. ఇదంతా పంతుళ్ల గొడవ అని కొట్టిపారేసేవాళ్లకి మేం చెప్పే కేసు ఒకటుంది. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చట్టంలో ఉండేది: కానింగ్, ప్రాసెసింగ్, ఫ్రీజింగ్, డ్రైయింగ్, ఇలా సాగి చివర్లో 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని. మాంసం, చేపల ఉత్పత్తులు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి, అంటే మా పనికి దగ్గరి చుట్టమే. 'షిప్‌మెంట్' తర్వాత కామా లేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఆ లేని కామా పట్టుకున్నారు: ఆ చివరి మాటలు షిప్‌మెంట్‌కో డిస్ట్రిబ్యూషన్‌కో ప్యాకింగ్ చేసేవాళ్లకే, సరుకు చేరవేసే మాకు కాదు, మా ఓవర్‌టైమ్ మాకివ్వండి అన్నారు. 2017లో అప్పీల్ కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీ పడింది. తీర్పు వచ్చాక ఆ రాష్ట్రం చట్టాన్ని తిరగరాసి కామాల బదులు సెమీకోలన్లు పెట్టుకుంది.

యాప్‌లో అమెరికన్ ఇంగ్లీషు అని సెట్ చేస్తే ఈ కామా పెట్టమని సతాయిస్తుంది, బ్రిటిష్ అని మారిస్తే ఊరుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో కూడా ప్రూఫింగ్ సెట్టింగ్‌లలోకి వెళ్తే ఆక్స్‌ఫర్డ్ కామాకి విడిగా టిక్ ఉంది. మేం పెట్టడానికే నిర్ణయించుకున్నాం. పెడితే ఒక కీ నొక్కుడు, పెట్టకపోతే పైన చెప్పిన కథ.

నన్ను అన్నిటికంటే నిరాశపరిచింది అంకెల మధ్య కామాలు. మనం లక్షని 1,00,000 అని రాస్తాం. అమెరికావాళ్లు 100,000 అంటారు. స్పెయిన్‌లో, వియత్నాంలో దశాంశం దగ్గర కామా, వేల దగ్గర చుక్క. అంటే మాడ్రిడ్ నుంచి '7,85' అని ధర వస్తే ఏడు డాలర్ల ఎనభై ఐదు సెంట్లు. '1.250 కేజీ' అని వస్తే పన్నెండు వందల యాభై కేజీలు. మా కుర్రాడొకడు దాన్ని కేజీంపావు శాంపిల్ అనుకుని, కొరియర్ చార్జీలు ఎవరు కడతారని అడగబోయాడు. బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ మెసేజ్‌లో ఇంకో పద్ధతి. ఎల్‌సీ (బయ్యర్ తరపున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) మొత్తం 'యూఎస్‌డీ 125000,00' అని వస్తుంది. వేల దగ్గర ఏ గుర్తూ ఉండదు, దశాంశానికి కామా తప్పనిసరి. కొత్తగా చేరినవాళ్లు మొదటిసారి చూసి ఒక కోటీ పాతిక లక్షలని చదివి కళ్లు తేలేస్తారు. దశాంశానికి చుక్కైనా కామా అయినా సరే, వేల దగ్గర మాత్రం రెండూ వద్దు, ఖాళీ వదలండి అని 2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానం చేసింది. వినేదెవరు? యాప్ అయితే అంకెల జోలికే పోదు. డబ్బు మొత్తం నడిచేది అక్కడే అయినా.

ఎల్‌సీ మాటొచ్చింది కాబట్టి ఇది కూడా. బ్యాంకులు మన కాగితాలు చూసేటప్పుడు అనుసరించే ఐఎస్‌బీపీ అని ఒక పద్ధతుల పుస్తకం ఉంది, దాని 745 నంబరు కూర్పుని 2013లో ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) తెచ్చింది. దాన్లో కామా గురించి ప్రత్యేకంగా ఒక పేరా ఉంది. పార్షియల్ షిప్‌మెంట్ (సరుకు విడతలుగా పంపడం) ఒప్పుకునే ఎల్‌సీలో లోడింగ్ పోర్టులు 'హాంబర్గ్, రోటర్‌డామ్, ఆంట్‌వెర్ప్' అని వేరే వివరణ లేకుండా కామాలతో ఇస్తే, వాటిలో ఏ ఒక్కటైనా కావచ్చు, ఏ రెండు మూడు కలిపైనా కావచ్చు అని. కామాని ఒక మాటకి బదులుగా వాడొద్దని కూడా అదే పేరా చెప్తుంది. మనవైపు 'చెన్నై, కృష్ణపట్నం' అని వస్తే, అది 'అండ్'నా 'ఆర్'నా అని షిప్‌మెంట్‌కి ముందే రాతపూర్వకంగా అడిగేస్తాం. ఈ సంగతి ఏ గ్రామర్ యాపూ చెప్పదు. చెప్తుందని ఆశించడం కూడా న్యాయం కాదులెండి, కానీ 'బిజినెస్ రైటింగ్' అని ప్రకటనలిచ్చేటప్పుడు ఇవన్నీ ఉంటాయనే కదా మనం అనుకుంటాం.

తేదీల దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. అమెరికా పద్ధతిలో 'మార్చ్ 5, 2024' అని రాసి వాక్యం కొనసాగిస్తే ఏడాది తర్వాత కూడా కామా కావాలి. '5 మార్చ్ 2024' అంటే అసలు గొడవే లేదు, మేం అదే రాస్తాం. 'డియర్ సర్' తర్వాత కామా చాలు.

వాడకం సంగతులు కొన్ని. ఫోన్ కీబోర్డులో కూడా వస్తుంది, లోడింగ్ దగ్గర నిలబడి మెయిల్ కొట్టేవాళ్లకి ఉపయోగం. నెట్ లేకపోతే మాత్రం పనిచేయదు. ముత్తుకూరు వైపు ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ లోపలికెళ్తే సిగ్నల్ ఉండదు, అక్కడ మన చదువే దిక్కు. మనం రాసింది వాళ్ల సర్వర్‌కి వెళ్లి దిద్దించుకుని వస్తుంది కాబట్టి, ధరలున్న కాంట్రాక్టులు, బ్యాంకు వివరాలున్న ఉత్తరాలు దాన్లో పెట్టొద్దని మా మేనేజర్ గారు కచ్చితంగా చెప్పారు. ఆ రోజు నుంచి కాంట్రాక్టులు ప్రింట్ తీసి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పెన్సిల్‌తో చూస్తున్నాం. ఒకరు పైకి చదువుతారు, కామా వచ్చిన ప్రతిచోటా 'కామా' అని నోటితో అంటారు. మొదట్లో పక్క సెక్షన్ వాళ్లు నవ్వేవాళ్లు.

నేర్పడంలో కూడా ఇది అంతంతమాత్రమే. ఎందుకు తప్పో రెండు లైన్లు చూపిస్తుంది, అవి కూడా ఇంగ్లీషులోనే, చదివేవాళ్లు తక్కువ. గీత కనపడగానే నొక్కేసి ముందుకెళ్తారు, వచ్చే వారం అదే తప్పు మళ్లీ. దీనికి మేం చేసిందల్లా కొత్తవాళ్లకి మొదటి కొన్నాళ్లు యాప్ ఇవ్వకపోవడమే. వాళ్ల డ్రాఫ్టులు మేమే ఎర్ర పెన్నుతో దిద్దుతాం.

ఈసారి చందా రెన్యూ చేసేటప్పుడు అందరికీ తీసుకోలేదు. రోజువారీ మెయిళ్లు ఎక్కువ రాసే మార్కెటింగ్ వాళ్లకి ఉంచి, డాక్యుమెంటేషన్‌లో ఒక్క సిస్టంకి మాత్రం కట్టారు. అందులోనూ భాష బ్రిటిష్ అని పెట్టి, ఆక్స్‌ఫర్డ్ కామా ఆన్ చేసి, సలహా దానంతటదే దిద్దేసే ఆప్షన్ ఆపేశాం. ఐదులో మూడు నక్షత్రాలు ఇస్తాను. అంకెల సంగతి కూడా చూడటం మొదలుపెడితే నాలుగు.