చేతి వైట్‌బోర్డులు: రెండేళ్ల వాడకం తర్వాత

పిల్లల చేతికిచ్చే ఎ4 సైజు వైట్‌బోర్డుల గురించి ఇది. సైజులు, రంగులు షాపులో చూసేవే, వాటి జోలికి పోను. నేను వీటిని వదలలేకపోవడానికి కారణం ఒక్కటే. "చూపించండి" అనగానే క్లాసులో ప్రతి ఒక్కరి జవాబూ ఒకేసారి పైకి లేస్తుంది. ఎప్పుడూ చెయ్యెత్తే ఆ నలుగురితో పాటు చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునే పిల్లదీ కనిపిస్తుంది.

మాది బెంగళూరులో వర్తూరు వైపు ఇంగ్లీష్ మీడియం బడి, నాది నాలుగో తరగతి. చాలామంది పిల్లలు కర్నూలు, అనంతపురం నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఏడాది మధ్యలో వచ్చి చేరినవాళ్లకు అసలు నోరు పెగలదు.

అలా చేరిన ఒకమ్మాయి వారాల తరబడి క్లాసులో మాట్లాడలేదు. ఓ రోజు నీళ్లు ఆవిరవడం పాఠం. తడి బట్టల్లో నీళ్లు ఎక్కడికి పోతాయని ఇంగ్లీషులో అడిగి, తెలుగులోనూ ఓసారి చెప్పి, బొమ్మ గీసినా సరే అన్నాను. బోర్డులు లేచాయి. గలగలా మాట్లాడే ఇద్దరు ముగ్గురు నీళ్లు నేలలోకి పోతాయని రాశారు. ఈ పిల్ల దండెం మీద లంగా గీసి, దాన్నుంచి పైకి బాణాలు వేసి, మూలన సూర్యుణ్ణి పెట్టి, కింద ఇంగ్లీషులో 'అప్' అని ఒక్క మాట రాసింది. పాఠం ఆ పిల్లకు వచ్చు, ఇంగ్లీషే రాదు. నేను పెద్ద బోర్డు మీద "ద వాటర్ గోస్" అని సగం వాక్యం రాసి వదిలేశాను. తన బోర్డు మీద పూర్తిచేసుకుని, చూసి చదివింది. క్లాసులో తన గొంతు వినడం నాకు అదే మొదలు. ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ప్రశ్న అడిగాక టీచర్లు ఒక సెకనుకు మించి ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయనీ, ఎక్కువమంది నోరు విప్పుతారనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. తెలిసినా ఆగడం కష్టం. పిల్లల పెన్నులు కదులుతుంటే మాత్రం ఆగక తప్పదు.

ఇక నా కోపమంతా సిరా మీద. దసరా సెలవుల ముందు పిల్లలు స్పెల్లింగుల ఆట ఆడి, బోర్డులు అలాగే పేర్చేశారు. తిరిగొచ్చేసరికి ఒక్క అక్షరం చెరగలేదు. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే అంచుల్లోంచి నీళ్లు దిగి, లోపలి అట్ట ఉబ్బి, పైన తెల్ల పొర బుడగలు కట్టింది. కొన్ని బోర్డులు ఆ రోజే పోయాయి. చివరికి ఒక పిల్లాడు పాత రాత మీదే కొత్త పెన్నుతో గీసి తుడిచాడు. రెండూ పోయాయి! కొత్త సిరాలోని స్పిరిట్‌కు ఎండిన రాత కరుగుతుందన్నమాట. శానిటైజర్ కూడా పనిచేస్తుంది. ఇక పెన్నులు: బోర్డులతో వచ్చినవి ఒక టర్మ్ కూడా నిలవలేదు. గ్లాసులో మొన పైకి పెడితే తొందరగా ఎండుతున్నాయి, పడుకోబెడితే నయం. ఆ ఖర్చు నాదే. అవెన్యూ రోడ్డుకు వెళ్లినప్పుడల్లా డజన్ల లెక్కన తెచ్చుకుంటాను.

ప్రతి ఒక్కరి జవాబూ అన్నాను గానీ, పక్కవాళ్ల బోర్డు చూసి రాసినవీ అందులో ఉంటాయి. నేను చెప్పేదాకా బోర్లా పెట్టమన్నాక తగ్గింది, పూర్తిగా పోలేదు. పైగా చెరిపేశాక ఏమీ మిగలదు. "మిస్, నోట్సులో ఏం లేదే?" అని అమ్మానాన్నలు అడుగుతారు. ఆ అమ్మాయి కూడా బోర్డు చేతిలో లేనప్పుడు ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది.

నా క్లాసులో ముప్పై మంది దాకానే, పైగా వాళ్ల తెలుగు నాకు వచ్చు. తమిళం, హిందీ పిల్లలు తమ మాటల్లో రాస్తే నాకు అంతగా అందదు. అరవై మంది ఉన్న క్లాసులో అన్ని బోర్డులూ ఒక్క చూపులో చదవడం కుదురుతుందని నేను చెప్పలేను. కొనేముందు మందపాటి తెల్ల కాగితాలు లామినేట్ చేయించి చూడండి. ఇదే పెన్ను వాటి మీదా రాస్తుంది, చెరుగుతుంది, ఉబ్బే గొడవ లేదు. కింద పుస్తకం పెట్టుకోకపోతే వంగుతాయి, అంతే. పాడైన బోర్డుల బదులు ఈసారి నేను అవే చేయిస్తున్నాను.