ఎవరికి ఎవరు పక్కవాద్యం? ఫ్రీ జాజ్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్స్‌తో ఆరేళ్లు

2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు మారతహళ్లిలో ఒక్కడినే గదిలో ఉన్నప్పుడు మొదలైన అలవాటు ఇది. అప్పటినుంచి, తాళం, స్వరాలు ముందే ఖాయం చేసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే ఫ్రీ జాజ్‌నీ ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ కలిపి చేసిన ఆల్బమ్స్ ఓ నలభై దాకా విని ఉంటాను. ఒకసారి విని బాగుంది, బాగాలేదు అని తేల్చేసే సంగీతం కాదు, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా. ఆ నలభైలో ఇప్పటికీ నెలకోసారైనా పెట్టుకునేవి ఆరేడు. మిగతావి ఎందుకు జారిపోయాయో చాలాకాలం నాకే తెలియలేదు. జవాబు మా బాబాయి దగ్గర దొరికింది.

బాబాయిది నెల్లూరు. కుర్రతనంలో ఏడెనిమిదేళ్లు మృదంగం నేర్చుకుని, ఉద్యోగంలో పడ్డాక వదిలేశాడు గానీ చెవి మాత్రం అలాగే ఉంది. మూడేళ్ల కిందట రామనవమి కచేరీల కోసం బెంగళూరు వచ్చాడు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామసేవా మండలి వాళ్ల పందిట్లో వారం రోజులు సాయంత్రాలు ఇద్దరం కూర్చున్నాం. ఒక రాత్రి ఇంటికొచ్చి భోజనాలయ్యాక, ల్యాప్‌టాప్‌తో వాయించే కీరన్ హెబ్డెన్, డ్రమ్స్ వాయించే స్టీవ్ రీడ్ కలిసి చేసిన 'ది ఎక్స్ఛేంజ్ సెషన్' మొదటి భాగం స్పీకర్లో పెట్టా. రెండు నిమిషాల్లో ఆపెయ్యమంటాడేమో అనుకున్నా. పది నిమిషాలు కదలకుండా విని, "ఒరేయ్, ఇందులో ఎవరు ఎవరికి పక్కవాద్యంరా?" అన్నాడు.

వెంటనే చెప్పలేకపోయాను. డ్రమ్స్ పక్కవాద్యం అందామంటే అసలు కథ నడిపేది అదే. పోనీ ల్యాప్‌టాప్ అందామంటే, రీడ్ ఒక్కోచోట చెయ్యి తేలిక చేసి దానికి దారిస్తాడు.

2006లో వచ్చిన ఆల్బమ్ ఇది. మొత్తం మూడు ట్రాకులే. హెబ్డెన్ అంటే ఫోర్ టెట్ పేరుతో తెలిసిన అతనే, రీడ్ 1944లో పుట్టిన పాతకాలపు జాజ్ డ్రమ్మర్, ఇద్దరికీ ముప్పై ఏళ్లకు పైగా తేడా. ఒకే గదిలో కూర్చుని, తర్వాత విడిగా రికార్డు చేసిన శబ్దాలు (ఓవర్‌డబ్స్) ఏమీ కలపకుండా వాయించారు. మొదట్లో నేను దీన్ని డ్రమ్స్ ఒక వరస, ఎలక్ట్రానిక్స్ ఇంకో వరస అన్నట్టు విడివిడిగా వినేవాణ్ణి, అందుకే రెండు నెలల్లో విసుగొచ్చి పక్కన పెట్టేశాను. బాబాయి అడిగాక మళ్లీ తీశా. కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం, కంజీర ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ, పోనుపోను నిడివి తగ్గించుకుంటూ వచ్చే ఘట్టం ఉంటుంది కదా, ఒకరు అన్నదాన్ని రెండోవాళ్లు విని తమ భాషలో చెప్పడం, అదే ఇక్కడా జరుగుతోంది. కాకపోతే లెక్కపెట్టడానికి తాళం ఉండదు. హెబ్డెన్ ఒక ముక్క విసురుతాడు, గంటల శబ్దం లాంటిదో గాలి గీతలాంటిదో, రీడ్ దాన్ని వెంటనే పట్టుకోడు, నాలుగైదు క్షణాలు అలాగే వదిలి, అది పాతబడుతుందనగా సింబల్ మీదకి తెచ్చుకుంటాడు. ఆ ఆగడం చెవికి అలవాటయ్యాక ఇక వదల్లేదు. మూడేళ్లలో యాభైసార్లు విన్నానంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

అక్కణ్ణుంచి నా దగ్గరున్న ఆల్బమ్స్ అన్నిటినీ ఆ ప్రశ్నతోనే మళ్లీ విన్నాను.

ఎలక్ట్రానిక్ జంట స్ప్రింగ్ హీల్ జాక్ వాళ్ల 'మాసెస్' (2001) ఒకప్పుడు నాకు ప్రాణం. ఇవాన్ పార్కర్, మాథ్యూ షిప్, విలియం పార్కర్ లాంటి జాజ్ పెద్దవాళ్లు ఉన్నారు, శబ్దం బరువుగా, గొప్పగా ఉంటుంది. ఇప్పుడు వింటే ఒక లోటు తెలుస్తోంది. ముందే తయారుచేసి పెట్టిన ఎలక్ట్రానిక్ ట్రాకుల మీద వీళ్లు వాయించారు, అంటే మనుషులు యంత్రాన్ని వింటున్నారు గానీ యంత్రం మనుషుల్ని వినడం లేదు. షిప్ పియానో ఎంత అద్భుతంగా వాయించినా వెనక ఉన్న శబ్దం తన దారిన తాను పోతుంది. అదే బృందం 2003లో తెచ్చిన 'లైవ్'లో ఈ బాధ లేదు, రెండే పొడవైన ట్రాకులు, అందరూ ఒకే వేదిక మీద ఉన్నారు. ఒకటే కొనాలంటే అది కొనండి.

ఇవాన్ పార్కర్ ఎలక్ట్రో-అకూస్టిక్ ఎన్‌సెంబుల్ 'టువర్డ్ ది మార్జిన్స్' (1997) నాకు లొంగడానికి ఏడాది పైన పట్టింది. చాలా చోట్ల వినపడీ వినపడనట్టు ఉంటుంది. పాడేవాళ్ల ఆలాపనని వయొలిన్ అరక్షణం వెనకాల నీడలా పట్టుకుని వస్తుందే, ఇక్కడ ఆ పని యంత్రాలది. పార్కర్ సాక్సఫోన్, బ్యారీ గై బేస్, పాల్ లిటన్ తాళవాద్యాలు చేసే శబ్దాన్నే అప్పటికప్పుడు తీసుకుని, మార్చి, గదిలోకి తిరిగి వదులుతాయి. తిరిగొచ్చిన తన శబ్దాన్ని విని పార్కర్ దారి మార్చుకోవడం ఒకసారి గుర్తుపడితే ఆ రాత్రి ఇంక నిద్ర పట్టదు, నాకు పట్టలేదు. ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లినవాడు జార్జ్ లూయిస్. 1993 నాటి ఆయన 'వాయేజర్' ఆల్బమ్‌లో కంప్యూటర్ ప్రోగ్రామే ఎదుటి మనిషి వాయించేది విని, సొంతంగా జవాబు ఇస్తుంది. గొప్ప ఆలోచన, నేనైతే ఏడాదికి రెండుసార్లకి మించి వినలేను.

ఇక 'ప్రామిసెస్' (2021). ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఫ్లోటింగ్ పాయింట్స్, సాక్సఫోన్ మీద ఫరోవా సాండర్స్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. ఎవరు ఎవర్ని వింటున్నారు అన్న నా కొలత ఇక్కడ తప్పింది. ఏడు స్వరాల చిన్న ముక్క ఒకటి దాదాపు ఆల్బమ్ అంతా, ముప్పావుగంటసేపు, తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. సాండర్స్ ఏం వాయించినా అది మారదు, వినదు. మరి 'మాసెస్' లాగా ఇదీ నా చేతిలోంచి జారిపోవాలి కదా? జారలేదు, ఇంకా దగ్గరైంది. చాలా ఆలోచించాక నాకు తట్టింది ఇది: ఆ ఏడు స్వరాలు పక్కవాద్యం కాదు, తంబుర. ఇక్కడ బెంగళూరులోనే రాడెల్ వాళ్లు చేసే ఎలక్ట్రానిక్ తంబుర మన కచేరీల్లో ఎన్నేళ్లుగా మోగుతోందో చూడండి, అది పాటని వినాలని ఎవరూ అడగరు, నిలబడి ఉంటే చాలు. 'మాసెస్'లో యంత్రం నిలబడదు, మాట్లాడుతుంది, మాట్లాడుతూ ఎదుటివాళ్లని వినదు, ఇబ్బంది అక్కడ. 'ప్రామిసెస్' నాలుగో భాగంలో సాండర్స్ సాక్సఫోన్ పక్కన పెట్టి గొంతుతో ఏదో గొణుగుతాడు, నిద్రపోయే పసిబిడ్డ దగ్గర పెద్దవాళ్లు గొణిగినట్టు. 1965లో జాన్ కోల్ట్రేన్ 'అసెన్షన్'లో పదకొండు మంది మధ్య గుండెలు పగిలేలా అరిచిన సాక్సఫోన్లలో ఒకటి ఈయనదే. రెండూ ఒకే రోజు వరసగా వినండి, దయచేసి.

ఫ్లయింగ్ లోటస్ 'కాస్మోగ్రామా' (2010) మొదటి ఏడాది రోజూ విన్నా, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి. 17 ట్రాకుల్లో ఏదీ కాసేపు ఆగదు, ఊపిరి తీసుకునే చోటు ఉండదు. హెర్బీ హాన్‌కాక్ 'సెక్స్‌టెంట్' (1973) మాత్రం ఇంకా కొత్తగానే ఉంది, ప్యాట్రిక్ గ్లీసన్ సింథసైజర్ బుడగలు చిట్లినట్టు మొదలయ్యే 'రెయిన్ డాన్స్' వింటే యాభై ఏళ్ల నాటిదని ఎవరూ నమ్మరు. నార్వే వాళ్లు సూపర్‌సైలెంట్, వాళ్ల '6' (2003) వానాకాలం ఆల్బమ్, అంతకన్నా చెప్పలేను.

వినే పద్ధతి గురించి కూడా చెప్పాలి, సగం మంది ఇక్కడే దెబ్బ తింటారు. మెట్రోలో ఇయర్‌బడ్స్‌తో ప్రయత్నించకండి. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ వెళ్లేలోపు 'టువర్డ్ ది మార్జిన్స్' పెడితే తలుపుల చప్పుడు, స్టేషన్ అనౌన్స్‌మెంట్లే వినపడతాయి. తక్కువ బిట్‌రేట్‌లో సింబల్స్ ఇసక రాలినట్టు నలిగిపోతాయి, ఈ సంగీతంలో సింబల్స్ పోతే సగం పోయినట్టే. నేను వైరున్న హెడ్‌ఫోన్స్‌తో, రాత్రి పదకొండు దాటాక, రింగ్ రోడ్ మీద హారన్లు తగ్గాక వింటాను. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివర్ని తర్వాతి ట్రాక్ మొదలుతో కలిపేసేది) ఆపండి, గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా చేసేది) పెట్టండి, లేకపోతే 'ప్రామిసెస్' తొమ్మిది భాగాలూ తొమ్మిది ముక్కలవుతాయి. ఈ దారికంతటికీ పేరు పెట్టిన ఆర్నెట్ కోల్‌మన్ 'ఫ్రీ జాజ్' (1960 డిసెంబర్‌లో రికార్డు చేశారు) వినేటప్పుడు ఒక పని చేయండి. అందులో ఎనిమిది మంది, ఎడమ చెవిలో నలుగురి క్వార్టెట్ ఒకటి, కుడి చెవిలో ఇంకోటి. ఒకసారి ఎడమ చెవితోనే, ఒకసారి కుడి చెవితోనే విని, మూడోసారి రెండిటితో వినండి. నాకు ఈ సంగీతం వినడం నేర్పింది ఆ మూడోసారే.

పోయిన నెల బాబాయికి 'ఎక్స్ఛేంజ్ సెషన్' రెండో భాగం పంపాను. నాలుగు రోజులయ్యాక ఫోన్ చేసి, ఆ డ్రమ్స్ వాయించినాయన ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాడు. 2010లోనే పోయాడని చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మంచి చెయ్యిరా" అన్నాడు.